నెమరు పూర్తయ్యేదాకా

ఆ దొడ్డిలో తలుపులన్నీ కోడ్ చెప్పినట్టు వింటాయి. పొద్దున కోళ్ల గూడు తెరవాలన్నా, సాయంత్రం దాణా గది మూయాలన్నా దొడ్డి కంపెనీ జంతువులు రాసిన ప్రోగ్రాములే దిక్కు. ఆ ప్రోగ్రాములు దాచే రిపాజిటరీలను వాళ్లు ముద్దుగా గాదెలు అనేవారు.

కంపెనీ గాదెలన్నిటికీ పెద్దదిక్కు, ఎద్దు బసవయ్య. బయటివాళ్ల యాప్ ఏదైనా వాటిలోకి తొంగి చూడాలంటే ముందు ఆయన నెమరు వేయాలి. అడిగిన సంగతి మేతతో పాటు కడుపులోకి పోయి, తీరిగ్గా పైకొచ్చి, బాగా నలిగాక గానీ ఆయన ఔననీ అనడు, కాదనీ అనడు.

ఉడత చారలమ్మకు ఈ పద్ధతి బొత్తిగా గిట్టదు. ఆమెకు అన్నీ గబగబా అయిపోవాలి. కోడ్ కూడా అలాగే రాస్తుంది, సగం వాక్యం ఈ కొమ్మ మీద, సగం ఆ కొమ్మ మీద. ఫలితంగా ఆ రోజు కోళ్ల గూడు ఎండెక్కాక గానీ తెరుచుకోలేదు.

"ఏమే చారలమ్మా, పిల్లలు లోపల ఉడికిపోయారు!" అని గంపమ్మ కోడి దులిపేసింది. "తలుపు తీయడమంటే తోక ఊపడం అనుకున్నావా?"

చారలమ్మకు తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే కంచె అవతల నక్క జంబయ్య ప్రత్యక్షమయ్యాడు, కళ్లనిండా జాలితో.

"విన్నానమ్మా, మనసు తరుక్కుపోయింది. తప్పులు ఏరిపెట్టే యాప్ ఒకటి చేశాను. నీలాంటి చెల్లెళ్ల కోసమే."

"నిజంగానా జంబయ్యన్నా? నేనేం చేయాలి?"

"ఏముంది, నీ ఫోన్లో వచ్చిన ఆ పచ్చ బటన్ నొక్కడమే. నీ కంటికి కనిపించే గాదెలన్నీ నా యాప్‌కూ కనిపించాలి, తప్పు దొరికితే అక్కడే దిద్దేస్తుంది. అంతే!"

బటన్ మీద నాలుగు వరుసలు ఏదో రాసి ఉంది. చారలమ్మ చదవలేదు. చదివితే ఆలస్యమైపోదూ? టక్కున నొక్కేసింది. ఆమె తన పేరిట విడిగా పెట్టుకున్న సొంత గాదె వెంటనే తెరుచుకుంది. కంపెనీ గాదెల దగ్గర మాత్రం 'బసవయ్య అనుమతి కావాలి' అని పడింది.

జంబయ్య మీసాలు వాలిపోయాయి. "ఆ ముసలాయన్ని ఒక్క మాట అడగమ్మా."

చారలమ్మ పరుగున వెళ్లి అడిగింది. బసవయ్య గడ్డిపరక అటు నుంచి ఇటు మార్చాడు.

"ఎవరి యాప్?"

"జంబయ్యన్నది, మామా."

"కోళ్ల గూటి తలుపు బాగుపడాలని జంబయ్యకు అంత ఆరాటమా?"

"పాపం, మంచితనం!"

"ఆ యాప్ మన కోడ్ చదువుతుందా, మార్చేస్తుందా?"

"రెండూ..." చారలమ్మ గొంతు కాస్త తగ్గింది. "అన్ని గాదెల్లోనూ."

"సరే, నెమరు వేసి చెప్తాలే."

"మీ నెమరు అయ్యేలోపు ఆ కోడిపిల్లలకు మనవలు పుడతారు!" అని విసురుగా వచ్చేసి, గూటి పక్కన జామచెట్టెక్కి మూతి ముడుచుకు కూర్చుంది.

మధ్యాహ్నం జామచెట్టు నీడ పడగానే కోళ్లన్నీ కునుకు తీయడానికి గూట్లోకి చేరాయి, తలుపు మూసుకుంది. అంతలో కింద ఆకుల చప్పుడైంది. జంబయ్య! చేతిలో ఫోను, నోట్లో లాలాజలం. ఏరడానికి వచ్చింది తప్పుల్ని కాదు. చారలమ్మకు పొద్దుటి పచ్చ బటన్ గుర్తొచ్చింది. ఆ బటన్ నొక్కింది తనే. లోపలున్నది పొద్దున ఉడికిపోయిన ఆ పిల్లలే.

"గంపమ్మొదినా! లేవండి!" అని కేక పెట్టింది.

"అరవకమ్మా," జంబయ్య నవ్వాడు. "పెద్దాయన అనుమతి ఎవడిక్కావాలి? నీ సొంత గాదెలోనే తలుపు తీసే ప్రోగ్రాం దొరికింది." గూటికి ముక్కు ఆనించి ఫోను నొక్కాడు.

గూడు కదల్లేదు. వెనకాల మరో తలుపు కిర్రుమంది.

ఆ ప్రోగ్రాం చారలమ్మ కోడ్ నేర్చుకునే రోజుల్లో రాసింది. అప్పట్లో పాపం ఆమెకు నేర్చుకోవడానికి తన ఇంటి తలుపిచ్చి సాయం చేసింది కుక్క వీరన్న ఒక్కడే. ప్రోగ్రాం మొదట్లోనే అది వీరన్న తలుపని రాసే ఉంది గానీ, జంబయ్య కూడా చదివే రకం కాదు.

మంచి కునుకు చెడిన వీరన్న గుమ్మంలో నిలబడి ఒళ్లు విరుచుకున్నాడు. "ఎవరు పిలిచారు?"

జంబయ్య ఒక్క ఉదుటున పరుగందుకున్నాడు. ఫోను గూటి ముందు, తోక వెంట్రుకలు కంచె ముళ్లకు వదిలి, గుట్ట దాటేదాకా వెనక్కి చూడలేదు.

చారలమ్మ గబగబా చెట్టు దిగి తను ఇచ్చిన అనుమతి మొత్తం తీసేసింది. తర్వాత తలొంచుకుని గంపమ్మ ముందు నిలబడింది. "తప్పు నాదే వదినా. రేపటి నుంచి తలుపు ప్రోగ్రాం నువ్వు పక్కన కూర్చుని చూశాకే పెడతాను."

"కూర్చుంటాలే. ముందు ఆ తోక ఊపడం ఆపు, కళ్లు తిరుగుతున్నాయి," అంది గంపమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటూ.

అప్పుడు బసవయ్య తాపీగా వచ్చి, నోట్లోది మింగి, గొంతు సవరించుకున్నాడు.

"నెమరు పూర్తయింది చారలమ్మా. ఆ యాప్ వద్దులే."

నీతి: అందరి తలుపు బయటివాడికి తెరిచే ముందు, లోపల నిద్రపోయేవాళ్లెవరో ఒకసారి చూసుకోవాలి.