కోటగంటకు కొసరు దెబ్బ

అనగనగనగా ఒక కోట. కోటంటే ఏనుగుల బారులుండే కోట కాదు తల్లీ, మట్టిగోడ కోటే. సజ్జలకోట అనేవారు. ఆ రాజుగారికి ఉన్నది ఒకటే ఏనుగు, అదీ ముసలిది. బెల్లం పెడితేగాని లేచి నిలబడేది కాదట. సరే, ఏనుగు సంగతి మనకెందుకులే. కాలు ఇలా నా మీద వేసుకో.

ఆ కోట బురుజు మీద పెద్ద కంచుగంట ఉండేది. గంట పక్కన నీళ్ళ తొట్టి. తొట్టిలో చిన్న రాగిగిన్నె. గిన్నె అడుగున సూదిమొనంత చిల్లు. నీళ్ళ మీద వదిలితే, చిల్లులోంచి నీరు ఎక్కి ఎక్కి, గిన్నె బుడుంగుమని మునిగేది. అలా మునిగితే ఒక గడియ అయినట్టు.

అప్పుడు గంట కొట్టాలి. పొద్దు పొడిచాక మొదటి గిన్నెకు ఒక దెబ్బ, రెండో గిన్నెకు రెండు, అలా పెంచుకుంటూ పోవాలి. అయిదు దెబ్బలు వినబడితే సంత తెరిచేవారు. పదిహేను వినబడితే రాజుగారు భోజనానికి కూర్చునేవారు. ఇరవై అయిదు వినబడితే బడి వదిలేవారు. ఊరికి గడియారమైనా అదే, పెద్దదిక్కైనా అదే.

ఆ గంట కొట్టే ఉద్యోగం పరదేశిది. నెల తిరిగేసరికి ఇంటికి ధాన్యం వచ్చేది. రోజూ కోట వంటింటి నుంచి భోజనం వచ్చేది. కోట కొలువుకు గుర్తుగా మొలకి కట్టుకోవడానికి ఇత్తడి బిళ్ళ ఉండేది. పన్నెండేళ్ళలో పరదేశి ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టలేదు, ఒక్క దెబ్బ తక్కువ కొట్టలేదు.

అయినా అతని మనసులో ఒక ముల్లు. బురుజు మీద నుంచి చూస్తే సంతలో బామ్మర్ది అప్పలకొండ అంగడి కనబడేది. పొయ్యి మీద మంగలం, అదే వేపుడు కుండ, అందులో ఇసుక కాగుతుంటే శనగలు టపటపా పేలేవి. చుట్టూ జనం, నవ్వులు, వేళాకోళాలు. ‘వాడికి దొర లేడు, వాడే దొర’ అనుకునేవాడు పరదేశి. ‘నన్ను చూసి నవ్వేదెవరు? గిన్నె తప్ప!’

ఒకరోజు మెతుకు ముట్టకుండా పెళ్ళాంతో చెప్పేశాడు.

“నూకాలూ, బిళ్ళ తిరిగి ఇచ్చేస్తాను. నేనూ శనగల అంగడి పెడతాను.”

నూకాలు కూర వడ్డిస్తూ, తల కూడా ఎత్తలేదు. “అలాగే పెడుదువుగాని. ముందు మూడు రోజులు మా తమ్ముడి పొయ్యి దగ్గర కూచుని రా. వాణ్ణి నీ గంట దగ్గర కూచోబెట్టు. నాలుగో రోజుకీ నీ మాట ఇదే అయితే, బిళ్ళ నేనే తీసుకెళ్ళి ఇచ్చొస్తాను.”

“గంట దగ్గర ఇంకొకణ్ణి చూస్తే కోటలో ఊరుకుంటారా?”

“ఊరు వినేది చెవులతో. చెవులకు మొహం కనబడుతుందేంటి?”

అప్పలకొండకు చెబితే ఎగిరి గంతేశాడు. “కోట భోజనం నాకూ, మంగలం సెగ నీకూనా! బావా, మాట వెనక్కి తీసుకుంటే ఒప్పుకోను.”

మొదటి రోజు పరదేశి అంగడిలో కూచున్నాడు. బిళ్ళ మాత్రం మొలలో దోపుకున్నాడు. పైడమ్మ అనే ముసలావిడ వచ్చి సోలెడు శనగలు అడిగింది. పరదేశి సోల నింపాడు, అరచేత్తో పైన సమంగా తుడిచాడు, ఆవిడ చెంగులో పోశాడు. ఆవిడ చెంగు పట్టుకుని అలాగే నిలబడింది.

“కొసరేదీ నాయనా?”

“కొలత కొలతే కదమ్మా. పైన ఒక్క గింజ వేసినా తప్పే.”

“మా అప్పలకొండ ఎప్పుడూ గుప్పెడు కొసరేసేవాడే! ఇదిగో, నీ కొలతా నీ శనగలూ నువ్వే ఉంచుకో” అని చెంగు దులిపేసి వెళ్ళిపోయింది. ఆ కబురు సంతంతా పాకింది. ఇంకెవరూ రాలేదు.

అదే రోజు ఇంకో వింత జరిగింది. గంట మోగుతుంటే పరదేశి కూచున్నచోటే లెక్కపెట్టుకున్నాడు. పన్నెండేళ్ళ అలవాటు కదా, గిన్నె అతని గుండెలోనే మునిగేది. మునిగింది పద్నాలుగో గిన్నె. మోగినవి పదిహేను దెబ్బలు! చేతిలో సోల జారి కింద పడింది.

సాయంత్రం బురుజు మెట్లు రెండేసి ఎక్కాడు. “ఒరే అప్పలకొండా! ఒక దెబ్బ ఎక్కువ కొడుతున్నావేంట్రా?”

“కొసరు బావా!” అన్నాడు వాడు, కోట పులిహోర నములుతూ. “అన్నేసి దెబ్బలు కొట్టి ఒక్కటి పైన వెయ్యకపోతే చెయ్యి పీకుతోంది.”

“కాలానికి కొసరేంట్రా! ఊరంతా గడియ ముందుకు జరిగిపోయింది!”

“రేపు వెయ్యన్లే బావా” అన్నాడు అప్పలకొండ. కానీ అలవాటు పడ్డ చెయ్యి, ఊరుకుంటుందా? రెండో రోజూ వేశాడు.

రెండో రోజు పరదేశి ఇంకో తప్పు చేశాడు. బురుజు మీదైతే మధ్యాహ్నం భోజనం వేళకి, గిన్నె మునిగేలోపు కాసేపు నడుం వాల్చేవాడు. ఆ అలవాటున తనకు ఆకలేసే వేళకి అంగడి తడిక మూసేసి కునుకు తీశాడు. సరిగ్గా అప్పుడే పొరుగూరి పెళ్ళివారు రెండు బళ్ళలో దిగారు. తడిక తట్టి తట్టి, ఎదురంగడిలో మరమరాలు కొనుక్కుపోయారు.

ఆ తర్వాత మూడో రోజు. తెల్లవారకముందే వాన. పొయ్యి రాజలేదు. సంతలో పిట్ట లేదు. బురుజు మీద ఉంటే వానకీ ఎండకీ భోజనం ఒకేలా వచ్చేది. ఇక్కడ వాన పడితే పొయ్యిలో పిల్లి పడుకోవడమే. అయినా పరదేశి ఊది ఊది పొయ్యి రాజేశాడు, కళ్ళు ఎర్రబడేదాకా ఊదాడు. శనగలు పేలేసరికి వాన తెరిపిచ్చింది.

అప్పుడు గంట మోగింది. కొసరుతో కలిపి ఇరవై అయిదు. గడియ ముందే బడి వదిలేశారు! పిల్లలు గుంపుగా గుంటల్లో నీళ్ళు చిందిస్తూ వచ్చి వెచ్చని పొయ్యి చుట్టూ మూగారు. అందులో ఒక బుజ్జిపిల్ల, అచ్చం నీలాగే ముందుపళ్ళు రెండూ లేవు, దోసిలి చాపింది.

పరదేశి చిన్న కొలతతో కొలిచి, అరచేత్తో పైన సమంగా తుడిచి పోశాడు. ఆ పిల్ల కదల్లేదు.

“మావా, కొఛరు!”

పరదేశి చెయ్యి గాలిలో ఆగిపోయింది. పన్నెండేళ్ళ చెయ్యి కదూ! అటూ ఇటూ చూశాడు. ఎవరినడగాలి? అడగడానికి ఎవరూ లేరు. చెయ్యి తనదే, శనగలూ ఈపూట తనవే. గుప్పెడు తీసి పోశాడు. ఆ పిల్ల బోసినవ్వు నవ్వింది. పరదేశికి లోపల శనగలు పేలినట్టయింది. ఆ తర్వాత అందరికీ గుప్పెళ్ళే గుప్పెళ్ళు!

సరిగ్గా అప్పుడు కోట బంట్రోతు వచ్చాడు. “పరదేశీ, గంట సంగతి అడగాలట. రాజుగారు రమ్మంటున్నారు.”

పరదేశి గుండె బుడుంగుమంది. తనంతట తానే ఇచ్చేద్దామనుకున్న బిళ్ళే, అయినా లాక్కుంటారనేసరికి అరచేత్తో గట్టిగా కప్పుకున్నాడు. అప్పుడు తెలిసిందమ్మా అతనికి, ఆ బిళ్ళంటే తనకెంత ప్రేమో. బుడుంగుమనే ఆ గిన్నె మీద కూడా బెంగ పుట్టింది.

కోటలో అప్పలకొండ అప్పటికే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

రాజుగారు అడిగారు, “మూడు రోజులుగా గడియ ముందే భోజనం పెడుతున్నారు. ఎవడి పని ఇది?”

“నాదే ప్రభూ” అన్నాడు అప్పలకొండ.

“కాదు, గంట నాది. తప్పూ నాదే” అన్నాడు పరదేశి. జరిగిందంతా చెప్పాడు.

రాజుగారు కడుపు పట్టుకుని నవ్వారు. “ఓరి మీ దుంపతెగా! నాకు ఎప్పుడూ గంట కన్నా గడియ ముందే ఆకలేస్తుంది. రాజునై ఉండి అడగడం బాగోదని ఓర్చుకుంటున్నాను. సరే, ఇప్పుడు చెప్పండి. ఎవరికి ఏ పని కావాలి?”

“నాకు నా మంగలం ఇప్పించండి” అన్నాడు అప్పలకొండ. “కోట భోజనం అమృతమే ప్రభూ. కానీ ఎంత బాగా కొట్టినా ‘బాగుందిరా’ అన్నవాడు లేడు. నోరు కట్టేసినట్టుంది.”

“నాకు నా గిన్నె చాలు” అన్నాడు పరదేశి. బిళ్ళ సవరించుకుంటూ మెల్లగా అన్నాడు, “ప్రభూ, వారానికి ఒక్కరోజు, బడి వదిలే వేళకి ఒక్క దెబ్బ కొసరు వేసుకోనివ్వండి. చెయ్యి రుచి మరిగింది.”

“వేసుకో. ఆ రోజు నా భోజనానికి కూడా వెయ్యి” అన్నారు రాజుగారు.

ఇంటికెళ్ళేసరికి నూకాలు గుమ్మంలో చెయ్యి చాపి నిలబడింది. “ఏదీ బిళ్ళ? ఇచ్చొస్తాను.”

“నీకెందుకు శ్రమ, నా మొలలోనే ఉండనీ” అన్నాడు పరదేశి. నూకాలు మూతి తిప్పుకుని, నవ్వు దాచుకుని, నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేసింది.

ఆ తర్వాత రోజూ గంట పని అయ్యాక పరదేశి బామ్మర్ది అంగడికి వెళ్ళి కూచునేవాడు. కొలిచే పని బామ్మర్దిది. కొసరు వేసే పని బావది.

గిన్నె మునిగె బుడుంగు,
శనగ పేలె టపంగు,
కథ కంచి బండెక్కె,
పాప దుప్పట్లో దూరె!

ఏమిటీ, ఇంకా కళ్ళు మూయలేదే? కొసరు కావాలా? ఇదిగో, నుదుటి మీద ఒక ముద్దు. ఇక పడుకో.