ముప్ఫై ఒక్క పాఠాల పూతరేకు

గోదావరి గట్టు దిగగానే కనిపించే పెంకుటింటి గుమ్మానికి ఒక బోర్డు ఉంది. ‘ఇచ్చట సలహాలు ఉచితం’ అని. రాయించినవాళ్ళు ఆ ఇంటి అన్నదమ్ములు ముగ్గురు. సత్తిరాజు, నూకరాజు, ఏడుకొండలు. "మాకు ఒకసారి చెబితే చాలు, చెప్పింది చెప్పినట్టు చేసేస్తాం" అని ముగ్గురూ గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాట అక్షరాలా నిజం. ఊళ్ళోవాళ్ళు భయపడేదీ అందుకే.

ఆ ఇంట్లోనే వాళ్ళ మేనత్త మంగాయమ్మ ఉంటుంది. నలభై ఏళ్ళుగా పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, కుండ మీద పిండిలో ముంచిన పల్చటి గుడ్డ ఒక్క లాగు, అంతే, ఉల్లిపొర లాంటి రేకు చేతిలో ఉంటుంది. ఆ కుండ ఆవిడ అత్తగారిచ్చింది. అలాంటిది చేసే కుమ్మరి పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మంగాయమ్మ కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. ఇంతవరకూ ఆ పని ఎవరికీ నేర్పలేదు. ఆ దిగులుతో ఆవిడకి అన్నం కూడా సయించడం లేదు.

అలాంటప్పుడు ఫోన్లో పాఠాలు చెప్పే కంపెనీవాళ్ళు పూతరేకుల కోర్సు కావాలన్నారు. మంగాయమ్మ మొహం విప్పారింది. "ఈ చెయ్యి పూర్తిగా ఆగిపోయేలోపు ఎవరో ఒకళ్ళకి వస్తే చాల్రా" అంది.

"పాఠాలు తయారుచేసే పూచీ మాది" అన్నాడు సత్తిరాజు.

కంపెనీ మేడం ఫోన్ చేసి పద్ధతులన్నీ చెప్పింది. ఏడుకొండలు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. మొదటిది, నేర్చుకునేవాళ్ళని మధ్యలో పెట్టుకుని పాఠం తయారుచెయ్యాలి.

ఇంకేముంది. పెరట్లో అత్త రేకులు తీసే పాక మధ్యలో సుద్దముక్కతో గీత గీసి పీట వేశారు. అప్పుడే పక్కింటి కాసులమ్మ పాలు తోడు పెట్టుకోవడానికి కాస్త మజ్జిగ కోసం వచ్చింది. ఆమె రెక్క పట్టుకుని పీట మీద కూర్చోబెట్టారు.

"నాకు మజ్జిగ కావాలయ్యా" అందామె.

"కోర్సు అయ్యాక ఇస్తాం. నువ్వు కదిలితే మా మధ్య పోతుంది" అన్నాడు నూకరాజు.

పీట పక్కనే పొయ్యి, పొయ్యి మీద కుండ, కుండ వెనక మంగాయమ్మ. నూకరాజు ఫోను కర్రకి కట్టి, కుండకి గురిపెట్టి నిలబెట్టాడు.

రెండో పద్ధతి, ఏ పాఠమూ ఐదు నిమిషాలకి మించకూడదు. మంగాయమ్మ బియ్యం కడిగింది. ఒక పాఠం అయ్యింది. నీళ్ళలో నానబెట్టింది. ఐదు నిమిషాలు కాగానే ఏడుకొండలు గిన్నె లాక్కుని నీళ్ళు వంపేశాడు.

"రెండు గంటలు నానాల్రా" అని మొత్తుకుంది మంగాయమ్మ.

అన్నదమ్ములు తలలు దగ్గర పెట్టి ఆలోచించారు. లెక్కల్లో గట్టివాడు సత్తిరాజు. రెండు గంటలంటే ఐదేసి నిమిషాలవి ఇరవై నాలుగు. అంతే, మళ్ళీ నీళ్ళు పోసి, ‘నానుట, మొదటి భాగం’ నుంచి ‘నానుట, ఇరవై నాలుగో భాగం’ దాకా గిన్నెలో బియ్యాన్ని, వెనకాల కుండని తీశారు. పదకొండో భాగంలో మాత్రం, స్టవ్ మీద పాలు గుర్తొచ్చి కాసులమ్మ ఇంటికి పరిగెత్తుకెళ్ళి వచ్చింది. నూకరాజు ఆ సంగతి పుస్తకంలో రాసుకున్నాడు.

రుబ్బడానికి మూడు పాఠాలు, మంటకి ఒకటి పట్టాయి. రేకు తీసే పాఠంలో మంగాయమ్మ గుడ్డ సగం లాగేసరికి అలారం మోగింది. "ఆగు, టైమైపోయింది" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. వణికే చెయ్యి గాల్లో ఆగిపోయింది. రేకు మాడి కుండకి అంటుకుపోయింది. పాపం, ఆవిడ కళ్ళు తుడుచుకుని కుండ గీకి, రెండో పాఠంలో మళ్ళీ తీసింది. మొత్తం ముప్ఫై ఒక్క పాఠాలు తేలాయి.

ఇక మూడో పద్ధతి. టీచరు లేకపోయినా పాఠం దానంతటదే అర్థమవ్వాలి.

ఏడుకొండలు పాఠాలన్నీ తిరగేసి చూశాడు. "అన్నయ్యా, పాఠాల్లో ఎక్కడ చూసినా అత్తే ఉంది."

"తీసెయ్" అన్నాడు సత్తిరాజు.

రాత్రికల్లా తీసేశారు. పట్నంలో ఫోన్లు బాగుచేసే మేనల్లుడు సాయం చేశాడు. అత్త మొహం పోయింది, మాట పోయింది, చివరికి చేతులూ పోయాయి. కుండ, పొగ మిగిలాయి. కంపెనీకి పంపారు. పాఠాలెన్ని, ఒక్కోటి ఎంతసేపు, టీచరు లేకుండా నడుస్తుందా, ఇవే మేడం కాగితంలో ఉన్న ప్రశ్నలు. అన్నిటికీ టిక్కు పడింది. "చాలా పద్ధతిగా ఉంది" అని మెచ్చుకుంది కూడా.

నాలుగోది పరీక్ష. తప్పినవాళ్ళు మళ్ళీ మొదటి పాఠానికి వెళ్ళాలి. ప్రశ్నలు నూకరాజు రాశాడు. సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి ముందు అత్తని కూర్చోబెట్టాడు.

"రేకుకి ఎన్ని గ్రాముల పిండి?"

"నాకేం తెలుసురా, చేతికి తెలుసు."

"కుండ ఎన్ని డిగ్రీలు కాగాలి?"

"నీటిచుక్క చిందిస్తే చుయ్‌మనాలి."

సున్నా వచ్చింది. నలభై ఏళ్ళు రేకులు తీసిన మనిషి, రేకులు తియ్యడంలో తప్పింది. "బెంగపడకత్తా, మొదట్నుంచి చదువుకో" అని ఏడుకొండలు ఫోను ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ ఐదు నిమిషాలు కుండని చూసింది. "ఇందులో నేనెక్కడున్నాన్రా?" అని అడిగింది. "ఆ ప్రశ్న ప్రశ్నాపత్రంలో లేదత్తా" అన్నాడు నూకరాజు.

తర్వాత కాసులమ్మ వంతు. పొయ్యి పక్కన కూర్చుని మంగాయమ్మ చేతుల్నే చూసిన మనిషి. కాగితం పక్కన పెట్టి, గుడ్డ పిండిలో ముంచి ఒక్క లాగు లాగింది. చిరుగు లేకుండా రేకు వచ్చింది. మంగాయమ్మకి కన్నీళ్ళు ఆగలేదు. "వచ్చేసిందే తల్లీ. రేపు పొద్దున్నే రా, మడత పెట్టడం కూడా చెబుతాను" అంది.

"పరీక్షంటే రాయాలి, వండకూడదు" అని నూకరాజు కాసులమ్మకీ సున్నా వేశాడు.

చివరి పద్ధతి సర్టిఫికెట్. అన్ని పాఠాల్లోనూ మొదట్నుంచి చివరిదాకా ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. కాసులమ్మ పదకొండో భాగంలో లేచి వెళ్ళింది. అత్త అసలు ఒక్క పాఠంలోనూ లేదు. నూకరాజు పుస్తకం తిరగేసి తిరగేసి, ముప్ఫై ఒక్క పాఠాల్లోనూ కదలకుండా కూర్చున్నది ఎవరో తేల్చాడు.

మర్నాడు పొద్దున్నే కాసులమ్మ వచ్చింది. మంగాయమ్మ పిండి కలిపి, మంట వేసి చూస్తే పొయ్యి మీద కుండ లేదు. అది అటక మీద, పసుపు బొట్టుతో, మెడలో దండతో ఉంది. కడుపు మీద సర్టిఫికెట్ అంటించి ఉంది.

"ఒరేయ్, కుండ దించండ్రా. ఈ పిల్లకి చెప్పాలి. ఈ చెయ్యి ఇంకెన్నాళ్ళు ఆడుతుందో ఏమో."

ముగ్గురూ చెవులు మూసుకున్నారు.

"అదేం మాటత్తా? అంత చదువు చదివినదాన్ని మళ్ళీ పొయ్యి ఎక్కిస్తామా?" అన్నాడు సత్తిరాజు. "దానికి ఉద్యోగం కూడా చూసేశాం. కోర్సులో టీచరు చోటు ఎలాగూ ఖాళీగానే ఉంది కదా."