హైమవల్లి మోసిన మొక్కు

పూర్వం వేత్రవతీ తీరాన సుచరణపురాన్ని ప్రజారంజకంగా ఏలుతున్న వీతధ్వజ మహారాజు, శత్రుసైన్యం కోటను చుట్టుముట్టిన ఆపదలో, విజయం సిద్ధిస్తే అన్నపూర్ణాదేవికి పన్నెండేళ్లు ఒంటిపూట ఫలాహారదీక్ష సమర్పిస్తానని మొక్కుకొని, గెలిచిన పిమ్మట, కత్తి పట్టే ప్రభువు పస్తులుంటే రాజ్యం గతేమిటని మంత్రులు నసగగా, ఆ దీక్షను ఏడేళ్ల కూతురు హైమవల్లి మీద పెట్టాడు. మొక్కింది తండ్రి, మాడింది బిడ్డ!

పట్టమహిషి శాలినీదేవి కాదనలేదు. పాలగిన్నెను వాసన చూసి, "నాకొద్దులే అమ్మా" అని నవ్వుతూ తిరిగిచ్చే కూతురిని పురస్త్రీలు బాలతపస్విని అని పొగుడుతూంటే మురిసిపోయింది కూడా. ఈడుపిల్లలందరూ పుష్పవతులై, అత్తవారిళ్లకు వెళ్లి, బిడ్డలనెత్తుకొని పుట్టిళ్లకు వస్తున్నా, హైమవల్లి మాత్రం పీలగా, చిన్నపిల్లలాగే ఉండిపోయింది. దైవజ్ఞులు గ్రహదోషమన్నారు. దోషం పోవాలని రాణి ఆ ఒక్కపూట ఫలాలను కూడా సగం చేసింది.

అంతలో తపోధనుడైన శాకలాయన మహర్షి అతిథిగా విచ్చేసి, విస్తరి ముందు కూర్చొని, ఔపోశన పట్టకుండానే అడిగాడు.

"ఇంటి పిల్లలు భుజించనిదే నేను ముద్ద ముట్టను. నీ బిడ్డ తిన్నదా, మహారాణీ?"

రాణి తల వంచుకొని జరిగినదంతా చెప్పింది. మహర్షి హైమవల్లిని పరికించి, "నీ వంశంలో ఆలస్యంగా పుష్పవతులైనవారున్నారా? కొన్ని తీగలు ఆలస్యంగానే పూస్తాయి, అది దోషం కాదు" అన్నాడు.

"ఎవరూ లేరు స్వామీ."

"అయితే ఇది గ్రహాల పని కాదు తల్లీ, ఆకలి పని. తన ప్రాణం నిలుపుకోవడానికే శక్తి చాలని దేహం మరో ప్రాణాన్ని మోయడానికెలా సిద్ధపడుతుంది?"

శాలినీదేవి పూజామందిరానికి పరుగెత్తి, "జగజ్జననీ, ఈ చేతులతోనే దాని కంచం తీసేశానమ్మా!" అని విలపించగా, కరుణామయి అన్నపూర్ణాదేవి ప్రత్యక్షమైంది.

"అన్నం పెట్టే నేను పస్తులనెన్నడు కోరాను శాలినీ? ముందు బిడ్డకు పెట్టు. ఆలస్యమైనా ఆమె కడుపు పండుతుంది."

"దాని చిన్నతనం కూడా తిరిగి ఇప్పించు తల్లీ!"

"గడిచిపోయిన ఆకలికి నేనూ అన్నం పెట్టలేను."

నాటినుంచి ఆ రాజ్యంలో పిల్లలు తిన్నాకే దేవతలకు నైవేద్యం. మిగిలిన దీక్షను రాజే పూర్తిచేశాడు. హైమవల్లి మెల్లగా ఒళ్లుచేసి, పుష్పవతియై, తగిన వరుణ్ణి చేపట్టి, చాలా ఏళ్లకు ఆడపిల్లను కన్నది.

ఒకనాడు ఆ మనుమరాలు పాలగిన్నెను పక్కకు నెట్టి, "వద్దు" అన్నది. తల నెరిసిన శాలినీదేవి పసిదాన్ని ఒడిలోకి లాక్కొని భోరున ఏడ్చింది. అమ్మమ్మ ఏడుపు చూసి బెదిరిన ఆ పిల్ల గుక్కతిప్పుకోకుండా పాలన్నీ తాగేసింది.

ఈ కథ చెప్పినవారూ విన్నవారూ, చేతులు జోడించడానికి ముందు, ఇంట్లో ఆడపిల్ల అన్నం తిన్నదో లేదో చూసుకుందురు గాక!