గుర్రం ఇచ్చేస్తానన్న న్యాయాధిపతి

అనగనగా అన్నాక ఊ కొట్టాలి మరి! కొట్టారా? సరే, చెవులు ఇటు పడేయండి.

తారాగిరి అనే రాజ్యంలో ఒక చిత్రమైన ఆచారం ఉండేది. రాజుకు జుట్టు నెరిసిందంటే చాలు, కిరీటం తీసి వారసుడి తలమీద పెట్టి, తాను వెళ్ళి పెద్ద న్యాయస్థానంలో ధర్మాసనం ఎక్కాలి. మిగిలిన జీవితమంతా తీర్పులు చెప్పాలి. దేశాన్ని ఏలినవాడికి జనం కష్టసుఖాలు తెలుస్తాయి కదా అని పూర్వులు పెట్టిన పద్ధతి అది.

అలా ధర్మాసనం ఎక్కాడు జయకేతు మహారాజు. ఎంత మంచివాడనుకున్నారు! ఎవరి కంట నీరు చూసినా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. రాజుగా ఉన్నన్నాళ్ళూ అడిగినవాడికి లేదనలేదు. పాపం, కిరీటం దింపాడు గాని ఆ అలవాటు దింపలేదు.

మొదట ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు.

"వీడు పొలం గట్టు జరిపాడు ప్రభూ!" అన్నాడు అన్న.

"నేను కాదు, వాడే జరిపాడు!" అన్నాడు తమ్ముడు.

జయకేతు నవ్వాడు. "ఓస్, ఇంతేనా! నా తోటలోంచి చెరో ముక్కా తీసుకోండి. పోట్లాడుకోకండి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. గట్టు జరిపిందెవరో మాత్రం తేలనే లేదు.

తర్వాత ఒక ఇల్లాలు వచ్చింది. కంసాలి తన గాజుల్లో బంగారం నొక్కేశాడంది. కంసాలి లబోదిబోమన్నాడు. జయకేతు తన చేతి బంగారు కడియం తీసి ఆమెకిచ్చి, "తీసుకో తల్లీ, ఇక ఆ మాట మరిచిపో" అన్నాడు. మళ్ళీ చప్పట్లే! కంసాలి మంచివాడో కాడో ఎవరికీ తెలియలేదు. ఆనాటి నుంచి అతని కొట్టు గడప ఎవరూ తొక్కలేదు.

ఇంకేముంది! ధర్మాసనం ముందు ఏడిస్తే చాలు, ఏదో ఒకటి దొరుకుతుందని ఊరంతా పాకిపోయింది. ఉన్నవాళ్ళూ వచ్చారు, లేనివాళ్ళూ వచ్చారు. కాకి అప్పడం ఎత్తుకుపోయిందని కూడా ఒకాయన ఫిర్యాదు పట్టుకొచ్చాడు! జయకేతు ఏనుగు పోయింది, తోటలు పోయాయి, పట్టు బట్టలు పోయాయి. చివరికి ఆయనకు మిగిలింది వేలికున్న ఉంగరమూ, పాలవెల్లి అనే తెల్ల గుర్రమూ మాత్రమే. ఆ గుర్రమంటే ఆయనకు ప్రాణం.

ఆ ఊళ్ళో రత్నాకరుడనే వర్తకుడున్నాడు. అతనికీ ఒక తెల్ల గుర్రం ఉంది. పాలవెల్లిని చూసినప్పుడల్లా అతనికి నోరూరేది. రెంటినీ జోడీగా రథానికి కట్టి వీధిలో వెళితే ఎంత దర్జాగా ఉంటుంది! ఆ ఊహ అతనికి నిద్ర పట్టనివ్వలేదు.

ఒకనాడు పొద్దున్నే అతను రేవులో పడవ నడిపే పిల్లను వెంటబెట్టుకుని, గుండెలు బాదుకుంటూ న్యాయస్థానంలోకి వచ్చాడు.

"అన్యాయం ప్రభూ! నా గుర్రాన్ని రేవులో కట్టి స్నానానికి దిగాను. వచ్చేసరికి లేదు. ఈ పడవమ్మాయి నూకాలు దాన్ని ఏరు దాటించి అమ్మేసింది!"

నూకాలు బిత్తరపోయింది. "నేనసలు గుర్రాన్నే చూడలేదు దొరా!" అంది.

ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది. దొంగ అన్న పేరు పడ్డవాళ్ళు మళ్ళీ తెడ్డు ముట్టకూడదు. నూకాలుకి కూడూ గుడ్డా అన్నీ ఆ పడవే.

జయకేతుకి ఇద్దరి మీదా జాలేసింది. "ఏడవకు వర్తకుడా. నా పాలవెల్లిని నీకిచ్చేస్తాను. అమ్మాయీ, నీకు శిక్ష లేదు. హాయిగా ఇంటికి వెళ్ళు" అన్నాడు.

"వద్దు!" అని అరిచింది నూకాలు.

సభ అదిరిపడింది. భటులు ముందుకు దూకారు. జయకేతు చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు.

"మీరు గుర్రం ఇచ్చేస్తే ఊరేమనుకుంటుంది దొరా? నూకాలు దొంగిలించింది, దొరగారు జాలిపడి నష్టం పూడ్చారనుకుంటుంది. ఆయనకి గుర్రం, నాకు దొంగ పేరు! దొంగనైతే శిక్ష వేయండి. కాకపోతే కాదని అందరి ముందూ చెప్పండి. మీ దానం కోసం నేను రాలేదు. ఆ ఒక్క మాట కోసం వచ్చాను!"

జయకేతుకి అన్నదమ్ములు గుర్తొచ్చారు. బోసిపోయిన కంసాలి కొట్టు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఇన్ని తగవులు తీర్చాడు గాని, ఎవరినైనా ఒక్క ప్రశ్న అడిగాడా? సిగ్గుతో ఆయన తల వంగిపోయింది. తలెత్తి వర్తకుడి వైపు తిరిగాడు.

"రత్నాకరా, నీ గుర్రాన్ని ఎక్కడెక్కడ వెతికించావు?"

"వెతకడమా? ఎందుకు ప్రభూ, తమరున్నారు కదా!" అన్నాడు రత్నాకరుడు చేతులు నలుపుకుంటూ.

ఆహా! జయకేతు కళ్ళు తళుక్కుమన్నాయి. ప్రాణప్రదమైన గుర్రం పోతే వెతకనివాడు ఉంటాడా?

"సరే, పాలవెల్లి నీదే. కాని కొత్త గుర్రం పుచ్చుకున్నాక పాతదాని మీద నీకు హక్కుండదు. ఒప్పుకుంటావా?"

"చిత్తం, చిత్తం!" అన్నాడు రత్నాకరుడు. నూకాలు కళ్ళనిండా నీళ్ళతో నిలబడిపోయింది. దొర తన మాట చెవినే పెట్టలేదనుకుంది.

అప్పుడు జయకేతు లేచి నిలబడ్డాడు. "దండోరా వెయ్యండి! పోయిన తెల్ల గుర్రం ఇప్పుడు ఎవరిదీ కాదు. ఎవరికి దొరికితే వాళ్ళదే! వెతుక్కోండి!"

ఇక చూడాలి సందడి! ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ ఒక్కసారిగా వీధిలోకి ఉరికారు. ఒకరు రేవుకేసి, ఒకరు కొండకేసి, ఒకరు సంతకేసి! అందరికంటే ముందు ఎవరు పరిగెత్తారో తెలుసా? రత్నాకరుడు! తలపాగా ఊడిపోయినా ఆగలేదు. చెప్పు తెగినా ఆగలేదు. బయట కట్టేసి ఉన్న పాలవెల్లి వైపు తిరిగైనా చూడలేదు.

"ఆయనకేదో ఆచూకీ తెలిసినట్టుందిరోయ్!" అని ఎవరో కేక వేశారు. అంతే, జనమంతా అతని వెంట పడ్డారు.

రత్నాకరుడు తిన్నగా తన పెరట్లోకి దూరి, గడ్డివాము వెనకాలున్న కొట్టం తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఇక్కడ గుర్రం లేదు! లోపలికెవరూ రాకండి!" అని గోల పెట్టాడు. లోపలి నుంచి గుర్రం గట్టిగా సకిలించింది.

జనం గొల్లున నవ్వారు. గుర్రాన్నీ యజమానినీ కలిపి న్యాయస్థానానికి ఊరేగించారు.

జయకేతు సభంతా వినేలా చెప్పాడు. "గుర్రం పోలేదు. కనుక దొంగతనమూ లేదు, కొత్త గుర్రమూ లేదు. నూకాలు దొంగ కాదు! రత్నాకరా, వానాకాలమంతా నువ్వు నూకాలు పడవలో తెడ్డు వెయ్యాలి. పడవెక్కిన ప్రతివాడికీ ఈ అమ్మాయి దొంగ కాదని నీ నోటితో చెప్పాలి."

నూకాలుకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "చాలు దొరా, ఇంకేమీ వద్దు" అంది.

ఆ పిల్ల సంతోషం చూసి జయకేతు చెయ్యి అలవాటుకొద్దీ వేలి ఉంగరం మీదికి వెళ్ళింది. అంతలోనే ఆగింది. ఆయన కంఠం సవరించుకుని, "ఆ అన్నదమ్ములనూ, ఆ ఇల్లాలినీ, కంసాలినీ మళ్ళీ పిలవండి. ఈసారి వాళ్ళు చెప్పేది వింటాను" అన్నాడు.

పిల్లలూ, అడిగినదల్లా ఇచ్చేవాడు మంచి రాజు కావచ్చు గాని, నిజం తేల్చి చెప్పినవాడే న్యాయాధిపతి.