ఓబళయ్య వెనక్కి అడిగిన కావ్యం

ఎప్పటి మాటో గానీ, ఉద్దండవర్మ అనే రాజు ఏలిన ఒకానొక సీమలో కావ్యం రాసినవాడికి ఒకటే దారి. తాటాకుల కట్టను తీసుకెళ్లి ఆస్థాన పండితుడు సోమయాజులుగారి ముందు పెట్టాలి. ఆయన మెచ్చి విన్నవిస్తే రాజు అంకితం పుచ్చుకుంటాడు. మెచ్చకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఎందుకంటే సోమయాజులుగారు ఔననరు, కాదనరు. పెద్దవాళ్ల పద్ధతులు అలాగే ఉంటాయి మరి.

ఓబళయ్య అనే కవి అలాగే ఇచ్చి మూడేళ్లు ఎదురుచూశాడు. సగం వయసు ధారపోసి రాసిన కావ్యం, ఇంకో ప్రతి కూడా లేదు. ఇంతలో ఒక కొండకోట దొర ఎవరి నోటనో అందులోని పద్యాలు నాలుగు విని, తనకు అంకితమిమ్మని కబురంపాడు. సంతోషంతో ఓబళయ్యకు ఆ పూట అన్నం సహించలేదు. అయినా నీతి తప్పలేదు. ముందు ఇచ్చిన చోట చెప్పి తెచ్చుకుని, ఆపైనే తమకిస్తానని దొరకు మనవి చేసుకున్నాడు.

తాంబూలం, పళ్లు పట్టుకెళ్లి సోమయాజులుగారికి దండం పెట్టాడు. ఆలస్యమైందని నిష్ఠూరమాడలేదు. ఇన్నాళ్లూ తమ దగ్గర ఉంచుకున్నందుకు కృతజ్ఞుణ్ణనీ, వేరేచోట మాట కుదిరింది గనుక కావ్యం ఇప్పించమనీ మర్యాదగా అడిగాడు.

మూలనపడ్డ చీపురైనా సరే, ఇంకొకడు అడిగేసరికి బంగారమైపోతుంది కదా. సోమయాజులుగారు భగ్గుమన్నారు. మర్నాటికి తగువు సభకెక్కింది.

"కావ్యం కవికి కన్నకూతురు. అంకితం పుచ్చుకున్నవాడు అల్లుడు. అనాదిగా ఉన్న మాటే ఇది," అన్నారాయన. "పిల్లను మన గడపలో దించి, ఇప్పుడు కొండదొరకు కట్టబెడతాడట."

"తమరు ఔనని సెలవియ్యలేదు కదా స్వామీ," అన్నాడు ఓబళయ్య.

"మౌనం అర్ధాంగీకారం."

రాజుకు ఆ మాట మహా నచ్చింది. మీసం దువ్వి, జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టే లెక్క అనీ, కావ్యం కోట దాటి పోవడానికి వీల్లేదనీ తీర్పు చెప్పేశాడు. కోటలో కావ్యాలు పడేసే కొట్టులో చెదలు తప్ప తాటాకుల జోలికి వెళ్లేవాళ్లు లేరని ఓబళయ్యకు తెలుసు.

అప్పుడు విదూషకుడు తిప్పన లేచాడు. తీర్పు దివ్యంగా ఉందనీ, దీన్ని ఊరూరా చాటింపు వేయిస్తే ఇంకే కవీ ఇలా తోక జాడించడనీ విన్నవించాడు. రాజు ఉబ్బిపోయి సరేనన్నాడు. ఆదుకుంటాడనుకున్న తిప్పన కూడా ఇంత పని చేశాడే అని ఓబళయ్య కుమిలిపోయాడు.

వారం తిరిగేసరికి కోట ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. సోమయాజులుగారికి కావ్యాలిచ్చి జవాబు లేక కూర్చున్న కవులందరూ పసుపు కుంకుమలతో, పూలదండలతో, సన్నాయి మేళంతో దిగారు. ఇన్నేళ్ల మౌనం అంగీకారమేనని ఇప్పుడు తెలిసింది పాపం వాళ్లకు. అంకితం పుచ్చుకునే ప్రభువు కావ్యాన్ని మొదటినుంచి చివరిదాకా పీట మీద కూర్చుని వినాలి, మధ్యలో లేవకూడదు. అది ఆ సీమ ఆచారం. మొదటి కవి ఏనుగుల లక్షణాలు అందుకున్నాడు. పొద్దు వాలేసరికి ఇంకా తొండం దగ్గరే ఉన్నాడు. రాజుగారికి నడుం పట్టేసింది.

"ఇంకా ఎందరున్నారయ్యా, తిప్పనా?"

"వరస చివర నాకూ కనబడలేదు ప్రభూ. అందరూ తమరి మామగార్లే."

రాజుకు అప్పుడు వెలిగింది. కడుపు పట్టుకుని నవ్వాడు, తన చేతి కడియం తీసి తిప్పన మీదికి విసిరాడు. సభంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే వరసలోంచి ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. తన పేరు అక్కమ్మ అనీ, కావ్యమిచ్చిన తండ్రి జవాబు కోసం ఎదురుచూస్తూనే కాలం చేశాడనీ చెప్పింది.

"ఒప్పుకున్నారని తెలియకుండానే పోయాడు ప్రభూ మా నాయన," అంది. "కాదన్నా బాగుండేది. ఇంకో గడప తొక్కేవాడు."

నవ్వు ఆగిపోయింది. సోమయాజులుగారు తల దించుకున్నారు.

రాజు పీట దిగాడు. తప్పు తనదేనని నలుగురిలో ఒప్పుకుని, తీర్పు వెనక్కి తీసుకున్నాడు. జవాబియ్యని ఇంటికి కవి ఏమీ రుణపడి లేడనీ, ఒక్క మాట మర్యాదగా చెప్పి తన కావ్యం తాను తీసుకుపోవచ్చనీ, ఔనో కాదో చెప్పవలసిన బాధ్యత ఇకమీదట పండితుడిదేననీ అన్నాడు. అక్కమ్మ తండ్రి కావ్యాన్ని మర్నాడు తానే కూర్చుని వింటానని మాటిచ్చాడు.

కొట్టులోంచి ఓబళయ్య కావ్యం తెచ్చారు. అంచులు చెదలు తిన్నాయి గానీ అక్షరాలు దక్కాయి. ఓబళయ్య కళ్లనీళ్లు ఆపుకోలేకపోయాడు. వెళ్లేముందు ఒక్క పద్యం వినిపించమని రాజు అడిగితే చదివాడు. రాజు ఆ తాటాకును చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఇది మూడేళ్లు నా ఇంట్లో ఉందా?"

"ఉంది ప్రభూ."

రాజు తన భుజం మీది పట్టుశాలువ తీసి, ఆ తాటాకులకు తానే చుట్టాడు. "అల్లుడినయ్యే అదృష్టం నాకు లేదు. పుట్టింటివాడిలా సాగనంపనీ," అని ఓబళయ్య చేతుల్లో పెట్టాడు.