అలివేలు పాడుచేసిన గుడ్డ

పందొమ్మిది వందల ఎనభై ఆరు, ఎండాకాలం చివర. బడులు తెరిచి వారమైంది, వాన ఇంకా పడలేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే చెంగల్రాయుడి ఇంటికి ఆ ఆదివారం పొద్దున్నే దామోదరం వచ్చాడు. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు ఆయన దగ్గర కలం పట్టడం నేర్చుకున్నవాడు, ఇప్పుడు సర్కారు బళ్లో లెక్కల మాస్టరు. ఉద్యోగం వచ్చినా గురువును వదల్లేదు. మనసులో ఏది మెలిపెట్టినా వచ్చి ఆ వసారాలో కూర్చుంటాడు.

ఈసారి మెలిపెట్టింది అలివేలు అనే పదకొండేళ్ల పిల్ల. తెలివైన పిల్లల కోసమని తిరుపతిలో కొత్తగా ఒక ప్రత్యేక బడి పెట్టారు. దామోదరం బడికి అందులో ఒక్క సీటు వచ్చింది. ఎవరి పేరు రాయాలన్నది అతని మీదే పెట్టారు. కాగితం మర్నాడు మధ్యాహ్నంలోగా తిరుపతిలో ఇవ్వాలి.

"మిగతా పిల్లలు గంటసేపు కుస్తీపట్టిన లెక్కను ఇది ఐదు నిమిషాల్లో తేల్చేసింది, అయ్యవారూ. ఆ తర్వాత మిగిలిన కాగితమంతా తెల్లగా ఇచ్చేసింది. ఏమిటికి మే అంటే, అన్నీ అట్లాంటివే కదా సార్ అంటుంది. ఇంటిపని చెయ్యదు. సగం పాఠం కిటికీలోంచి బయటికి చూస్తూ వింటుంది. సోమరిదానికి సీటు ఇచ్చి వృథా చెయ్యద్దు, కష్టపడే పిల్లోడి పేరు రాయమంటాడు మా హెడ్మాస్టరు. వాళ్లమ్మ స్టేషను దగ్గర పూలు కట్టుకునే మనిషి, ఇది తప్పితే ఈ పిల్లకి ఇంకో దారి కనబడదు. తెలివి ఉండాది, పట్టుదల లేదు. అట్లాంటిదాన్ని ఆ బడికి పంపచ్చునా?"

ప్రశ్న వేస్తే జవాబు చెప్పే అలవాటు చెంగల్రాయుడికి లేదు. పని చెప్పే అలవాటు ఉంది. "పో, ఆ పాపను పిల్చుకోని రా" అన్నాడు.

పిల్ల వచ్చేసరికి వసారాలో నాలుగు గజాల గుడ్డ పరిచి ఉంది. దాని మీద పెళ్లి ఊరేగింపు. పల్లకీ, బోయీలు, పల్లకీలో తల వంచుకున్న పెళ్లికూతురు. అంచు మాత్రం మిగిలింది. ముసలాయన అలివేలు చేతికి కలం ఇచ్చి, కసిమిలో ముంచి అంచు పొడుగునా రెండువందల ఆకులు గియ్యమన్నాడు. కసిమి అంటే తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో వేసి పులియబెట్టిన సిరా. గిన్నెలో పల్చటి టీనీళ్లలా ఉంటుంది, గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది.

పది ఆకులు ముచ్చటగా గీసి పిల్ల కలం కింద పెట్టేసింది.

"ఇంకా నూటతొంభై ఉండాయే పాపా!"

"అవన్నీ ఇవే కదా తాతా. వచ్చేసింది."

దామోదరం ముఖం మాడిపోయింది. చెంగల్రాయుడు నవ్వి, "ఆ కొత్త బడికి పోతావా మరి?" అన్నాడు.

"ఆడ ఇవే లెక్కలు ఇంకా ఎక్కువిస్తారంట గదా?" అంది అలివేలు.

అని కాలు చాపబోయి ఆగింది. పక్కన పెట్టిన కలంలోంచి గుడ్డ మూల మీద ఒక చుక్క కారింది. అది నల్లబడలేదు, మరకలాగే ఉండిపోయింది. పిల్ల ఒంగి చూసింది. పక్కన ఒక గీత గీసింది. అదీ అంతే. జానెడు అవతల గీసింది. నల్లగా తేలింది.

"తాతా, ఈడ ఏమిటికి నల్లబడలా?"

"నాకు తెలుసు. నీకు కావాలంటే చూసుకో."

పిల్ల గుడ్డను వాసన చూసింది. రెండు చోట్లా నోట్లో పెట్టి నమిలింది. ఒక చోట చప్పగా ఉంది, రెండో చోట వగరు. ఆ వగరు పట్టుకుని పెరట్లోకి పోయింది, కరక్కాయ రసం తొట్టి కనిపెట్టింది. చప్పటి మూలకు ఆ రసం పూసి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ గీసింది. ఈసారి నల్లబడింది, కానీ గీత నిలవక సాలీడు కాళ్లలా పాకింది.

"నల్లబడింది! పాకింది!" అని కేక పెట్టింది. అప్పుడే ఇంట్లో పిల్లి వచ్చి గుడ్డ రెండో అంచు నాకసాగింది. అలివేలు పిల్లిని తోలలేదు. దాని పక్కనే గొంతుక్కూర్చుని, అది ఏం నాకుతుందా అని చూసింది. "పాలు... పాలా తాతా?" అంది. మధ్యాహ్నం పిల్లకు పెట్టిన అన్నం పళ్లెంలో అట్లే ఎండిపోతోంది. పిల్ల వంటింట్లోంచి వేణ్ణీళ్లు తెచ్చింది. గుడ్డలో అన్నిటికంటే సన్నటి గీతలు పెళ్లికూతురి ముఖానివి. పాలు వదిలిపోయేలా ఆ చెంప మీద పోసి రుద్దింది.

దామోదరం ఎగిరి లేచాడు. "అది పెళ్లికూతురే! వదులు మే!"

చెంగల్రాయుడు అతని పంచె కొంగు పట్టుకుని లాగాడు. "కూర్చోరా. ఆ పాప పనిలో ఉండాది."

చెంప ఆరింది. అలివేలు దాని మీద ఒక్క గీత గీసింది. గీత ముక్కుదాకా పాకింది. చప్పటి మూల మీద ఇంకొంచెం కరక్కాయ రసం, దాని పైన గేదెపాలు పూసి, ఆరబెట్టి గీసింది. గీత వెంట్రుకలా నల్లగా నిలిచింది. "కరక్కాయ నలుపుకు, పాలు పాకకుండేదానికి" అంది, ఎవరితోనూ కాదు. అప్పటికి ఎండ వసారా దాటిపోయింది.

ఎనిమిదేళ్లు ఆ తొట్ల దగ్గర గుడ్డలు తడిపిన దామోదరం పాలు ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. ముంచమంటే ముంచాడు. గుడ్డ తడిపేటప్పుడు మూల పిడికిట్లో ఉండిపోతే అక్కడికి రసం పట్టదని అతనికి తెలుసు. చెంగల్రాయుడికీ తెలుసు, కానీ యాభై ఏళ్ల పనిలో ఆయన గుడ్డకు మూల చప్పగా మిగలడం ఇదే మొదటిసారి.

దామోదరం జేబులోంచి కాగితం తీశాడు. "పంపమంటారా అయ్యవారూ?"

ముఖం చెదిరిన పెళ్లికూతురిని ముసలాయన చూశాడు. అలివేలు ఎండిన అన్నం ఆవురావురుమని తింటోంది.

"కాగితం ఇచ్చేముందు ఆ బడోళ్లని ఒక మాట అడుగు. పిల్లలు పాడుచేసేదానికి వాళ్ల దగ్గర గుడ్డ ఉండాదా అని."

ఆ మాట అడగడానికి దామోదరం సాయంత్రం బస్సుకే తిరుపతి పోయాడు. ఆ తర్వాత, చెప్పి వేయించుకున్న గుడ్డ కోసం వచ్చిన మద్రాసు వ్యాపారి దాన్ని తీసుకోలేదు. డెబ్భై రెండు రోజుల పని పోయింది.