పది టిక్కుల తృప్తి

హైమవతికి మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల పైపొరను ఒళ్ళే తినేసే జబ్బు. ఆరేళ్ళుగా రోజు విడిచి రోజు తనకు తానే ఇంజెక్షన్ పొడుచుకుంటోంది. పొడుచుకున్న ప్రతిసారీ చలిజ్వరం వచ్చేది. అయినా తెల్లవారేసరికి ఆశ్రమం వంటశాలలో అందరికంటే ముందు ఆమే ఉండేది.

ఒకరోజు ఆసుపత్రి నుంచి ఒక కాయితం వచ్చింది. ఇంజెక్షన్ చికిత్సతో మీరు ఎంత తృప్తిగా ఉన్నారు అని పది ప్రశ్నలు. కొత్తగా చేరేవారికి కూడా ఈ మందే ఇవ్వాలా, మార్చాలా అన్నది ఈ జవాబులు చూసి నిర్ణయిస్తామని కింద రాసి ఉంది.

హైమవతి పదింటికీ 'పూర్తి తృప్తి' దగ్గర టిక్కు పెట్టింది. తీసుకెళ్ళి గురువు శాంకరీదేవికి చూపించింది. ఆమెను ఆశ్రమంలో అందరూ అమ్మ అనే పిలుస్తారు.

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది.

"నొప్పి దగ్గర కూడా పూర్తి తృప్తి అని పెట్టావేమే?"

"నొప్పి లేదమ్మా. కుడి తొడ మీద ఒకచోట చర్మం రాయిలా గట్టిపడింది. అక్కడ పొడిస్తే తెలియదు."

"ఎప్పుడూ అక్కడేనా?"

"చోటు మారుస్తుండమని నర్సు చెబుతూనే ఉంటుంది. మార్చినచోటల్లా మండుతుంది. అందుకే మార్చను."

"మరి జ్వరమో?"

హైమవతి తల ఎత్తింది. ఒకప్పుడు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి. ఆ గొంతు ఇంకా పోలేదు.

"అమ్మా, ఈ జబ్బు నా నడకలో పట్టు తీసుకుంది. ఒక కంట్లో సగం చూపు తీసుకుంది. నా నోట 'అబ్బా' అన్న మాట మాత్రం దానికి దొరకలేదు. దొరకనివ్వను. ఉన్నదానితో తృప్తి పడమని నేర్పింది మీరే కదా!"

అమ్మ కళ్ళద్దాలు తీసింది. కాయితం మడిచి కొంగున ముడేసుకుంది.

"దోసకాయలు తరిగావా?"

"ఇంకా లేదు."

"పద."

ఆ పూట దోసకాయ పప్పు. నలభై మంది తినాలి. హైమవతి కత్తిపీట ముందు కూర్చుంది. ప్రతి కాయకూ చివర కోసి, చిన్న ముక్క నాలుక మీద వేసుకుని, బాగుంటేనే తరిగి గిన్నెలో వేస్తోంది. నాలుగో కాయ ముక్కను థూ అని ఉమ్మేసింది. ఆ కాయను చెత్తబుట్టలోకి విసిరింది.

అమ్మ వంగి దాన్ని తీసింది. కడిగింది. చాకు అందుకుని ముక్కలు కోసి గిన్నెలో వేయబోయింది.

హైమవతి గభాల్న ఆమె చెయ్యి పట్టుకుంది. గురువు చెయ్యి అన్న సంగతి కూడా మరిచిపోయింది.

"అమ్మా! అది చేదు!"

"అయితేనేం? తృప్తిగా తిను."

"నాకైతే వేయండి, తింటాను. అందరూ తినేదాంట్లో ఎలా వేస్తారు? ఒక్క కాయ చాలు, గిన్నెడు పప్పూ పాడవుతుంది!"

అమ్మ చాకు కింద పెట్టింది. కొంగులోంచి కాయితం తీసి, మడత విప్పి, ఆమె ముందు పరిచింది.

హైమవతి తడిచేతులు చీరకు తుడుచుకుని దాన్ని దగ్గరికి లాక్కుంది.

"నిరుడు ఆసుపత్రిలో ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది," అంది. "పంతొమ్మిదేళ్ళుంటాయేమో. అప్పుడే జబ్బు బయటపడిందట. అక్కా, ఈ ఇంజెక్షన్ కష్టంగా ఉంటుందా అని అడిగింది. ఏమీ ఉండదు, చీమ కుట్టినట్టుంటుంది అన్నాను."

అమ్మ చేదుకాయ ముక్కలను మళ్ళీ చెత్తబుట్టలో వేసింది.

హైమవతికి ఉన్నట్టుండి కోపం వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియదు.

"అయితే ఏం చెయ్యమంటారు? మందు మానెయ్యమంటారా?"

"కాయ చేదని వంట మానేశామా?"

హైమవతి కలం అడిగి తీసుకుంది. వేళ్ళకు పట్టు చిక్కలేదు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని, పది టిక్కులనూ ఒక్కొక్కటిగా కొట్టేసింది. చివర 'ఇంకేమైనా చెప్పదలిస్తే' అని ఉన్న గడిలో మూడు గీతలున్నాయి. ఆరేళ్ళలో ఇలాంటి కాయితాలు ఎన్నో వచ్చాయి. ఆ గడి మాత్రం ఎప్పుడూ ఖాళీగానే పోయింది.

'తృప్తి లేదు,' అని రాసింది. 'మందు మానలేదు, మానను. కానీ ప్రతిసారీ జ్వరం వస్తుంది. నొప్పికి భయపడి ఒకేచోట పొడుచుకుని తొడ పాడు చేసుకున్నాను. ఇన్నాళ్ళూ మీకు అబద్ధం చెప్పాను. ఇంతకంటే మంచి మందు ఉంటే ఇవ్వండి. లేకపోతే ఎందుకు లేదో చెప్పండి.'

మూడు గీతలూ అయిపోయాయి. కాయితం వెనక్కి తిప్పింది. బయట భోజనాల వేళ దగ్గర పడుతోంది. ఆమె కత్తిపీట వైపు చూసి లేవబోయింది.

అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. కత్తిపీట తనవైపు లాక్కుంది.

"నువ్వు రాయి," అంది. "పప్పు నేను చూస్తాను."